ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్ని అదే క్లాసులో మళ్లీ కూర్చోబెట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల తల్లిదండ్రులు సంక్రాంతి దాటాక ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఏడీహెచ్‌డీ అంటే వయసుకు తగ్గ ధ్యాస, కుదురు నిలవని సమస్య. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, డాక్టర్ని కాదు. మందుల విషయంలో ఇక్కడ రాసింది మీ డాక్టర్ని ఏమడగాలో తెలియడానికే.

ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. క్లాసు రిపీట్ చేయించాలా?

ఆ ఒక్క కారణంతో అయితే వద్దు. రిపీట్ చేయించడమంటే అదే సిలబస్, అదే బెంచీ, చాలాసార్లు అదే టీచర్లు. మొదటిసారి ఏ కారణంతో చదువు ఎక్కలేదో ఆ కారణం అలాగే ఉంటే రెండోసారీ ఎక్కదు. ఈ విషయం మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. రిపీట్ చేసిన ఏడాది మార్కులు కాస్త పెరిగినట్టు కనిపించినా, ఒకటి రెండేళ్లలో ఆ లాభం కరిగిపోతుందనే ఎక్కువ వాటిలో తేలింది. పెద్ద తరగతుల్లో ఆగిపోయిన పిల్లలు మధ్యలో బడి మానేసే అవకాశం కూడా ఎక్కువ.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. మనవాడికి పాఠం రాలేదా, వచ్చినా పరీక్షలో పెట్టలేకపోతున్నాడా? రాకపోతే ఒక దారి, వచ్చి పెట్టలేకపోతే ఇంకో దారి. రెండో రకానికి ఏడాది ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ తేడా ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

స్కూలు నుంచి ఎస్ఏ-1 (ఏడాది మధ్యలో జరిగే పెద్ద పరీక్ష) జవాబు పత్రాలు అడిగి తెచ్చుకోండి. మార్కుల కాగితం కాదు, దిద్దిన పేపర్లే కావాలి. లెక్కలది, సోషల్‌ది ఉంటే చాలు.

లెక్కల పేపర్లో తప్పు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూడండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల పేపర్లు ఏటా దిద్దుతుంటాను, ఒక తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సూత్రం సరిగ్గా రాస్తారు. రెండో లైన్లో మైనస్ గుర్తు మూడో లైన్‌కి వచ్చేసరికి ప్లస్ అయిపోతుంది. ప్రశ్నలో 36 అని ఉంటే 63 అని ఎక్కించుకుని, ఆ తప్పు అంకెతోనే లెక్కంతా ఒప్పుగా చేసుకొస్తారు. మొదటి రెండు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటాయి, తర్వాత గీతలు, చివర ఎనిమిది మార్కుల ప్రశ్న దగ్గర నంబరు మాత్రమే వేసి ఖాళీ. ప్రశ్నపత్రం వెనకవైపు తిప్పనే తిప్పరు. వీటిలో ఏదీ పాఠం రాకపోవడం కాదు.

ఇప్పుడు అవే ప్రశ్నలు నోటితో అడగండి. ఒక్కోటి, నెమ్మదిగా, టీవీ ఆపేసి, మధ్యలో తిట్టకుండా. సగానికి మించి చెప్పగలిగితే వాడికి ఆ క్లాసు వచ్చినట్టే. మన వైపు అమ్మమ్మలు అంటారే, "గుంటడికి బుర్ర ఉంది గానీ కుదురు లేదు" అని, సరిగ్గా అదే. నోటితో అడిగినా తెల్లమొహం వేస్తే రెండు క్లాసులు వెనక్కి వెళ్లి అడగండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి భిన్నాల కూడిక దగ్గరే ఆగిపోతోందంటే, తొమ్మిది ఇంకోసారి చదివినా భిన్నాలు రావు, తొమ్మిదిలో అవి ఎవరూ చెప్పరు కాబట్టి. ఆ పిల్లాడికి కావలసింది ఆరో తరగతి లెక్కలు ఓపిగ్గా చెప్పే మనిషి.

స్కూలు వాళ్లే "తొమ్మిది మళ్లీ చదివించండి, లేదంటే టీసీ తీసుకెళ్లండి" అంటున్నారు. ఏం చేయాలి?

ఇది ఎవరి మేలు కోసం అంటున్నారో ముందు చూడండి. పదో తరగతి ఫలితాలు నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ కట్టాలనుకునే స్కూళ్లకి తొమ్మిదిలోనే వడపోయడం అలవాటు. అలాంటి చోట మాట మర్యాదగా ఉన్నా ఉద్దేశం మాత్రం వడపోతే.

చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. 2019లో జరిగిన సవరణ ప్రకారం అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైతే ఆపవచ్చా లేదా అన్నది రాష్ట్రాల ఇష్టం. ఆపినా, ముందు అదనంగా పాఠాలు చెప్పి రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. కేంద్రీయ విద్యాలయాల్లాంటి కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఈ రెండు తరగతులకు ఆపే పద్ధతి 2024 డిసెంబరు నుంచి వచ్చింది. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా మాత్రం ఏ పిల్లాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. తొమ్మిదిలో ఈ రక్షణ లేదు, అందుకే ఒత్తిడంతా అక్కడే వస్తుంది.

హెచ్ఎం దగ్గరికి వెళ్లినప్పుడు గొడవ పెట్టుకోకండి. ఒకటే అడగండి: "సార్, వచ్చే ఏడాది ఇదే క్లాసులో ఉంచితే ఈ ఏడాది చేయనిది ఏం చేస్తారు?" దానికి సూటిగా జవాబు వస్తే వినదగ్గ మాటే. "బాగా రుద్దుతాం" అంటే లేచి వచ్చేయండి.

మార్కులు తగ్గడానికి కారణం ఏడీహెచ్‌డీయేనని నమ్మకం ఏమిటి?

నమ్మకం ఉండదు, అందుకే చూపించుకోవాలి. ఏడీహెచ్‌డీ లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బళ్లోనూ రెండుచోట్లా కనిపించాలి. ఏడో తరగతి దాకా బాగా చదివి తొమ్మిదిలో ఒక్కసారి జారిపోతే వేరే కారణం వెతకండి. చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్, రాత్రి ఒంటిగంట దాకా ఫోను, బళ్లో ఎవరో ఏడిపించడం, దిగులు, నాన్న ఊళ్లో లేకపోవడం. క్లాసులో కొన్ని క్షణాలు కళ్లు నిలిపి మాట పలుకు లేకుండా ఉండిపోయేది ఒక రకం ఫిట్స్ కూడా కావచ్చు, దాన్ని పరధ్యానం అనుకుని వదిలేయకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి చదవడం, రాయడం, లెక్కల్లో ఏదో ఒక దాంట్లో లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంటుంది. ఏడీహెచ్‌డీకి మందు వాడినంత మాత్రాన అది పోదు. విడిగా పరీక్ష చేయించాలి.

మొన్ననే తెలిసింది, మందు మొదలైంది. ఈ ఏడాది పోయినట్టేనా?

తొందరపడకండి. మన దగ్గర డాక్టర్లు రాసేవాటిలో మిథైల్‌ఫెనిడేట్ మామూలు రకం అరగంట, గంటలో పనిచేయడం మొదలై నాలుగు గంటల పాటు ఉంటుంది. మోతాదు కుదరడానికే కొన్ని వారాలు పడుతుంది. ఆటోమాక్సెటిన్ అయితే పూర్తి ఫలితం కనిపించడానికి నెల, నెలన్నర ఆగాలి. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకి చెప్పాలి గానీ మీరే మానేయించకూడదు. బరువు, బీపీ చూపిస్తుండాలి. మిథైల్‌ఫెనిడేట్ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వరు, చిన్న ఊళ్లలో అన్ని షాపుల్లోనూ దొరకదు. విశాఖ వెళ్లినప్పుడే తరువాతి విజిట్ దాకా సరిపడా రాయించుకోండి.

నవంబరులో వైద్యం మొదలైతే ఏప్రిల్‌లోపు తేడా చూసే వ్యవధి ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో మొదలైతే ఆ ఏడాది మార్కులు వైద్యం లేని పిల్లాడి మార్కులే, వాటిని చూసి నిర్ణయం తీసుకోకండి. వేసవిలో రెండు నెలలు చదివించి, జూన్ 12న బళ్లు తెరిచేలోపు పాత పేపర్లే మళ్లీ రాయించి చూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి: మందు కుదురు ఇస్తుంది, పోయిన పాఠాలు తెచ్చివ్వదు.

మరి రిపీట్ మంచిదయ్యే సందర్భాలే లేవా?

ఉన్నాయి. టైఫాయిడో, యాక్సిడెంటో, ఇంట్లో చావో వచ్చి నెలల తరబడి బడికి పోని పిల్లాడు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి సరాసరి పెద్ద క్లాసులో వేసేసిన పిల్లాడు. తోటివాళ్లకన్నా ఏడాది చిన్నవాడు, అయిదేళ్లు నిండకుండానే ఒకటో తరగతిలో కూర్చోబెట్టినవాడు. ఈ చివరిది మన వైపు తక్కువేమీ కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో తమను తాము అదుపులో పెట్టుకునే శక్తి వయసుకు తగ్గట్టు ఎదగడానికి ఆలస్యమవుతుంది, దానికి తోడు ఏడాది చిన్నవాడైతే భారం రెట్టింపు.

ఇలాంటి కారణం ఉండాలి, వచ్చే ఏడాది ఏదో ఒకటి మారబోతుండాలి, పిల్లాడు ఒప్పుకోవాలి. మూడూ కుదిరితే నేనే రిపీట్ చేయించమంటాను. పిల్లాడు ససేమిరా అంటుంటే మాత్రం మిగతా రెండూ ఉన్నా వద్దంటాను. పధ్నాలుగేళ్ల పిల్లాణ్ణి బలవంతంగా కూర్చోబెడితే బెంచీ మీద ఒళ్లు మాత్రమే ఉంటుంది.

రిపీట్ చేస్తే తమ్ముడూ వాడూ ఒకే క్లాసు అవుతారు. ఫర్వాలేదా?

చాలా ఫర్వా ఉంది. రోజూ రాత్రి అన్నం దగ్గర ఇద్దరి మార్కులూ పోలుస్తారు, మీరు పోల్చకపోయినా పెదనాన్న పోలుస్తాడు. తప్పనిసరైతే సెక్షన్ కాదు, స్కూలే వేరు చేయండి.

పదో తరగతి సంగతేమిటి? ఈ ఏడాది పరీక్ష రాయించకుండా ఆపేద్దామా?

రాయించండి. పదిలో ఒక్కో సబ్జెక్టుకు 35 మార్కులు, హిందీకి 20 వస్తే పాస్. తప్పిన సబ్జెక్టులే అదే వేసవిలో సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, పాసైనవి మళ్లీ రాయక్కర్లేదు. రెండు సబ్జెక్టుల కోసం ఆరూ మళ్లీ ఏడాదంతా చదివించడం దండగ. ఏడీహెచ్‌డీ పిల్లలకు సప్లీ ఒక రకంగా నయం కూడా. దృష్టంతా ఒకటి రెండు పుస్తకాల మీదే, గడువు దగ్గర్లోనే ఉంటుంది. దూరంగా ఉన్న గడువు వాళ్లకి లేనట్టే లెక్క.

ఒక్క మినహాయింపు. ఎచ్చెర్లలో ఉన్న ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటే, అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలని నోటిఫికేషన్లలో అడుగుతూ వచ్చారు. అలాంటి పిల్లాడికి పునాది బలహీనంగా ఉంటే ఆలోచించాల్సింది తొమ్మిదిలోనే, పదిలో కాదు. ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చదువుకోండి.

రోజూ బడి వాతావరణమే పడని పిల్లలకు ఓపెన్ స్కూల్ ఉంది. మన రాష్ట్రానికి ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, దేశం మొత్తానికి ఎన్ఐఓఎస్. పద్నాలుగేళ్లు నిండితే పదిలో చేరవచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి రిజిస్టర్ అయితే అయిదేళ్లు గడువు, సబ్జెక్టులు విడివిడిగా పాసవుతూ పోవచ్చు. ఇది కూడా అందరికీ కాదు. ఇంట్లో పక్కన కూర్చునే పెద్దవాళ్లు లేకపోతే ఓపెన్ స్కూల్ అంటే అయిదేళ్ల సెలవే. పైగా తర్వాత అడ్మిషన్లలో లోకల్ కోటాకి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, బడికి పోని ఏళ్లకు నివాస ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇంటర్ ఫస్టియర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి.

ఇంటర్‌లో ఫస్టియర్ తప్పినా సెకండియర్‌లోకి వెళ్లవచ్చు, సప్లిమెంటరీ రాసుకుంటూ. కాబట్టి ఇక్కడ రిపీట్ కన్నా గ్రూపు గురించి ఆలోచించండి. పదో తరగతి లెక్కలే ఈదలేక గట్టెక్కినవాణ్ణి పక్కింటివాళ్లబ్బాయి చేరాడని ఎంపీసీలో వేస్తే ఎన్నిసార్లు రాయించినా అంతే. చేతిపని మీద మక్కువ ఉన్నవాడికి పాలిటెక్నిక్, ఐటీఐ తక్కువ చదువులేమీ కావు. రోజులో సగం వర్క్‌షాపులో నిలబడే చదువు ఇలాంటి పిల్లలకు చాలాసార్లు సరిగ్గా నప్పుతుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ పది అవ్వగానే రాయవచ్చు.

పరీక్షలో ఎక్స్‌ట్రా టైం ఇస్తారా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది. అందుకే ఆ రెండో పరీక్ష చేయించమని పైన అన్నాను. అది ఉన్నట్టు తేలితే సచివాలయంలో సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాట్ బుక్ చేసుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. దాంతో అదనపు సమయానికి, రాసేవాళ్ల సాయానికి హెచ్ఎం ద్వారా ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. హాల్ టికెట్లు వచ్చాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. దసరా సెలవుల్లోపు ఈ తిరుగుడు పూర్తి చేసుకోండి.

సర్టిఫికెట్ లేకపోయినా క్లాసులో జరిగే పరీక్షలకు టీచరు చేయగలిగినవి ఉన్నాయి. ముందు బెంచీ, కిటికీకి దూరంగా సీటు, పేపరు సగంలో ఒకసారి వచ్చి "వెనక్కి తిప్పావా?" అని అడగడం. వీటికి జీవో అక్కర్లేదు.

హాస్టల్లో వేస్తే దారికొస్తాడంటున్నారు.

తెల్లారి అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చోట ఏడీహెచ్‌డీ పిల్లాడు నిద్ర పోగొట్టుకుంటాడు, ఆట పోగొట్టుకుంటాడు, రెండూ పోతే ఉన్న కాస్త ధ్యాసా పోతుంది. మందు వాడుతుంటే రోజూ ఎవరు ఇస్తారు, ఎక్కడ దాస్తారు అన్నది ఇంకో టెన్షన్. రిపీట్ చేయించి, హాస్టల్లోనూ వేయడం రెండు శిక్షలు ఒకేసారి వేయడమే.

మా అమ్మాయి అల్లరి చేయదు, నెమ్మదస్తురాలు. అయినా టీచరు ఏడీహెచ్‌డీ అంటున్నారు.

కావచ్చు. గెంతులూ దూకుడూ లేకుండా ధ్యాస ఒక్కటే నిలవని రకం ఉంది, ఆడపిల్లల్లో అదే ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అయిదారు గంటలు పుస్తకం ముందు కూర్చుని ఒక్క పేజీ దాటని పిల్లని బద్ధకం అనకండి. మన ఊళ్లలో ఆడపిల్లని ఒక ఏడాది ఆపితే తరవాతి మాట పెళ్లి మాట అయిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆడపిల్ల విషయంలో రిపీట్‌కి నేను మరింత గట్టిగా అడ్డుపడతాను.

పిల్లాడికి ఎలా చెప్పాలి?

రిజల్టు వచ్చిన రోజు చెప్పకండి, బంధువుల ముందు అసలే వద్దు. నిర్ణయమైపోయాక చెప్పడం కాదు, తేల్చుకునేటప్పుడే వాణ్ణి కూర్చోబెట్టుకోండి. "ఒరే నాన్నా, ఈ ఏడాది నీకు ఎక్కడ కష్టమైందో నువ్వే చెప్పు" అని నాన్న మొదలుపెడితే బాగుంటుంది, ఎందుకంటే వాడు తిట్లు ఎదురుచూసేది ఆయన దగ్గర నుంచే. మొదట "తెలీదు" అంటాడు. ఊరుకోండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి. "హిందీ మేడం చెప్పేటప్పుడు రాసుకోలేకపోతున్నాను" లాంటి ఒక్క మాట చాలు, పట్టుకోవడానికి కొస దొరికినట్టే.

రిపీట్ ఖాయమైంది. ఏం మార్చాలి?

వీలైతే స్కూలు. కొత్త చోట వాడు ఫెయిలైనవాడు కాదు, కొత్తగా చేరినవాడు. మారడం కుదరకపోతే సెక్షన్ అయినా మార్చమనండి.

ట్యూషన్ అన్నిటికీ పెట్టకండి, బలహీనమైన రెండింటికే, అదీ ఇద్దరు ముగ్గురికి మించని చోట. ఇరవైమంది కూర్చునే ట్యూషన్ ఇంకో క్లాసే. ఇంటిపని పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలుగా, మధ్యలో లేచి తిరగనివ్వండి. డైరీలో రోజూ ఒక్క లైను క్లాస్ టీచరు రాసేలా ఒప్పించుకోండి, రెండు లైన్లు అడిగితే వారంలో మానేస్తారు. క్రికెట్ మాన్పించకండి. తొలి ఎఫ్ఏ (చిన్న పరీక్ష) మార్కులు రాగానే పోయినేటి ఎఫ్ఏ పేపర్లు పక్కన పెట్టుకుని చూడండి, అవే తప్పులు అవే చోట ఉంటే ఎస్ఏ దాకా ఆగకుండా డాక్టర్నీ టీచర్నీ మళ్లీ కలవండి.

పెద్దయితే అదే పోతుందంటారు మా అత్తగారు.

సగం నిజం. గెంతులు తగ్గుతాయి. మరుపు, వాయిదాలు చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉంటాయి.

ఎక్కడ చూపించాలి? ఏం పట్టుకెళ్లాలి?

శ్రీకాకుళంలో రిమ్స్, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్. అక్కడ సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందు కనుక్కుని వెళ్లండి. పిల్లల పూర్తి పరీక్షలకు విశాఖ పంపిస్తే కేజీహెచ్, లేదా చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. బళ్లకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం) వైద్య బృందం చూడాల్సిన జాబితాలో ఏడీహెచ్‌డీ, లెర్నింగ్ సమస్యలు ఉన్నాయి, పద్దెనిమిదేళ్ల దాకా వాళ్ల ద్వారా రిఫరల్ అడగవచ్చు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచర్లను కూడా కలవండి. ఎవరితో మొదలుపెట్టాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

వెళ్లేటప్పుడు ఒకటో తరగతి నుంచి దొరికినన్ని ప్రోగ్రెస్ కార్డులు, ఎస్ఏ జవాబు పత్రాలు, మామూలు రోజుల నోట్సు ఒకటి, క్లాస్ టీచరు చేతిరాతతో అరపేజీ, పాత కళ్లద్దాల చీటీ, ఇదివరకు వాడిన మందుల పేర్లు పట్టుకెళ్లండి. ఓపీలో రద్దీ ఉండొచ్చు కాబట్టి పొద్దున్న తొలి బస్సుకే బయల్దేరండి, పిల్లాడికి టిఫిన్ పెట్టి మరీ.